తూకం ముందు, ప్రెస్సు తర్వాత

చిత్తూరు సీమలో చౌడేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో పాతతరం రైతుల్ని కదిపితే కావలి తుపాకి ముచ్చట ఒకటైనా బయటికొస్తుంది. చెనక్కాయ చేను పీకడానికొచ్చే రోజుల్లో రాత్రంతా మంచె మీద ఉండి, అడవిపందుల మంద చేలో దిగిన అలికిడి కాగానే గాలిలోకి ఒక దెబ్బ పేల్చేవాళ్లు. అది మూతి నుంచి మందు కూరే తుపాకి. ఒక దెబ్బ పేలాక రెండో దెబ్బకు మళ్లీ మొదటి నుంచీ రావాలి. మందు కొలిచి పోయాలి, పీచు దూర్చాలి, గజంతో దట్టించాలి, రవ్వలు పోయాలి, చివర క్యాపు పెట్టాలి. చీకట్లో, చలిలో, ఒక చేతిలో బ్యాటరీ లైటు పట్టుకుని ఈ పనంతా చేసిన మనిషికి తూటా అంటే ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. దాన్ని ప్రతి దెబ్బకూ ఆయన తన చేతులతోనే తయారు చేసుకున్నాడు.

ఈ పడమటి మండలాల నుంచి బయల్దేరిన పిల్లలు ఇవాళ టెక్సాస్‌లో, జార్జియాలో, కాలిఫోర్నియాలో ఉన్నారు. వాళ్లలో కొందరు అక్కడ రేంజికి పోయి గురి నేర్చుకుంటున్నారు, లైసెన్సు తీసుకుని జింకల వేటకు పోతున్నారు. రైఫిలు తూటాలు ఇంట్లోనే కట్టుకోవడం ఆ దేశంలో చాలామందికి ఉన్న అలవాటు. కారు షెడ్డులో ఒక బల్ల, బల్ల అంచుకు బిగించిన ప్రెస్సు, వరుసగా పేర్చిన ఇత్తడి గుల్లలు వీడియో కాల్‌లో ఇక్కడి వాళ్లకు కనబడుతున్నాయి. అక్కడి అబ్బాయి అడిగేది, మొదలుపెట్టడానికి ఏ సామాను కొనాలని. ఇక్కడి పెదనాన్న అడిగేది, అట్లాంటి ప్రెస్సు ఒకటి సూట్‌కేసులో పెట్టి తెస్తావా నాయనా అని. ఈ రెండు ప్రశ్నలకూ ఈ రోజు జవాబు చెప్పాలని వచ్చాను.

ముందు తూటా లోపలికి చూద్దాం. ఇత్తడి గుల్ల ఒకటి. దాని అడుగున చిన్న గిన్నెలాంటి ప్రైమరు. లోపల మందు. మూతికి బిగించిన గుండు. తుపాకి లోపలి సూది ప్రైమరును కొడితే అది నిప్పు రాజేస్తుంది, మందు కాలి వాయువవుతుంది, ఆ ఒత్తిడికి గుండు గొట్టం లోంచి దూసుకుపోతుంది. గుండు పోయింది, మందు కాలిపోయింది, ప్రైమరు పనైపోయింది. మిగిలింది ఇత్తడి గుల్ల. తూటాలో ఖరీదైన భాగం అదే, మళ్లీ పనికొచ్చేదీ అదే. ఇంట్లో తూటా కట్టడమంటే ఆ గుల్లను శుభ్రం చేసి, ఉబ్బిన ఒంటిని మళ్లీ సరైన కొలతకు నొక్కి, కొత్త ప్రైమరు పెట్టి, తూచిన మందు పోసి, కొత్త గుండు కూర్చోబెట్టడం. .22 తూటాల్లో నిప్పు రాజేసే పదార్థం అంచులోనే ఉంటుంది కాబట్టి వాటిని మళ్లీ కట్టడం కుదరదు. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిలు వాళ్లు వాడేవి అవే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది గాలి రైఫిలుతో. అందులో మందే లేదు. ఇంటి బల్ల మీద కట్టేది పెద్ద రైఫిలు తూటాలనే. అమెరికా వేటగాళ్ల చేతుల్లో ఎక్కువగా కనబడే .308, .30-06 అట్లాంటివి.

ఇక సామాను. అంగడికి పోయిన కొత్తవాడి కన్ను ముందు ప్రెస్సు మీద పడుతుంది. పెద్దది, బరువైనది, పిడి లాగితే పని జరుగుతున్నట్టు కనబడేది అదే. అమెరికాలో ఆర్‌సీబీఎస్ 1943 నుంచీ, హార్నడీ 1949 నుంచీ, లీ 1958 నుంచీ ఈ పనిలో ఉన్నాయి. పేర్లు ఎన్నయినా ప్రెస్సులు మూడే రకాలు. పిడి ఒకసారి లాగితే ఒక గుల్లకు ఒకే పని చేసేది ఒకటి. గుల్ల మీద పనిచేసే నాలుగైదు అచ్చులు, అంటే డైలు, ఒక తిరిగే తల మీద బిగించి, ఒకదాని తర్వాత ఒకటి తిప్పుకునేది రెండోది. లాగిన ప్రతిసారీ ఒక పూర్తి తూటా కింద పడేది మూడోది. మొదలుపెట్టేవాడు మొదటి రకమే కొనాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మూడో రకం ప్రెస్సులో ఒకేసారి నాలుగు చోట్ల నాలుగు పనులు జరుగుతుంటాయి. ఒక గుల్లలో మందు పడలేదనో, రెండుసార్లు పడిందనో చేతికి తెలిసే వీలుండదు. నెమ్మదైన ప్రెస్సు మీద ఒక్కో గుల్లా ఒక్కో మెట్టులో మన కంటి ముందు ఆగుతుంది. వేటకు ఏడాదికి కావలసిన తూటాలకు ఆ వేగం చాలు.

అయితే ప్రెస్సు కంటే ముందు కొనవలసినవి రెండున్నాయి. ఒకటి పుస్తకం. గుండు తయారుచేసే కంపెనీలూ మందు తయారుచేసే కంపెనీలూ ప్రయోగశాలలో ఒత్తిడి కొలిచి అచ్చు వేసిన కొలతల పుస్తకాలు దొరుకుతాయి. ఏ గుల్లకు, ఏ బరువు గుండుకు, ఏ మందు, ఎంత నుంచి ఎంత దాకా పోయవచ్చో అందులో ఉంటుంది. పుస్తకం చెప్పిన తక్కువ కొలత దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పైకి పోతూ, పేలిన ప్రతిసారీ గుల్లనూ ప్రైమరునూ పరీక్షించి చూసుకోవాలి. రేంజిలో పక్కనాయన చెప్పిన కొలత, ఫోన్‌లో చూసిన కొలత మన రైఫిలుకు సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకే పేరున్న రెండు రైఫిళ్లలో కూడా లోపలి కొలతల్లో వెంట్రుకవాసి తేడా ఉంటుంది.

రెండోది తూకం. ఈ ప్రసంగంలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. రైఫిలు మందును గ్రెయినుల్లో తూస్తారు. ఒక గ్రాముకు 15 గ్రెయినుల పైచిలుకు. మన కంసాలి త్రాసులో గురివింద గింజ ఉంది చూడండి, దాని బరువులో దాదాపు సగం ఒక గ్రెయిను. ఇంట్లో తూటా కట్టేవాడికి ఆ గ్రెయినులో పదో వంతు తేడా తెలియాలి. .308 లాంటి తూటాలో పోసే మందు మొత్తం మూడు గ్రాముల లోపే. అంత కొద్ది మందు పేలినప్పుడు గుల్ల లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల దాకా పోతుంది. ఆ గుల్ల మన చెంపకు జానెడు దూరంలో ఉంటుంది. అందుకే ప్రెస్సులో డబ్బు తగ్గించుకోవచ్చు గానీ తూకంలో తగ్గించుకోకూడదు.

ఎలక్ట్రానిక్ తూకం చూడ్డానికి బాగుంటుంది. కానీ పైన ఫ్యాను తిరుగుతుంటే అంకెలు కదులుతాయి, గది వేడెక్కితే సున్నా జరుగుతుంది. కాబట్టి దానితోపాటు పరీక్షించే బరువు బిళ్లలు కొనాలి, పని మొదలుపెట్టేటప్పుడూ మధ్యమధ్యా పెట్టి చూసుకోవాలి. పాతకాలపు కడ్డీ త్రాసు నెమ్మదిదే, అయినా దానికి కరెంటుతో పని లేదు, సమంగా ఉన్న బల్ల మీద పెట్టి గాలి తగలకుండా చూసుకుంటే అది నిజం చెబుతుంది. నేనైతే మొదటిసారి కొనేవాడికి కడ్డీ త్రాసే చెబుతాను.

తర్వాత చిన్న సామాను. రైఫిలు కొలతకు తగిన డైలు, గుల్లను పట్టుకునే హోల్డరు, ప్రైమరు పెట్టే పనిముట్టు, గుల్లలు నిలబెట్టే చెక్క దిమ్మె, గరాటు. అంగుళంలో వెయ్యో వంతు దాకా చూపే కాలిపరు తప్పదు. ఇత్తడి పేలిన ప్రతిసారీ సాగుతుంది. కొలత దాటిన గుల్లను కత్తిరించకపోతే మూతి గుండును బిగబట్టి ఒత్తిడి పెంచేస్తుంది. గుల్లలకు పూసే నూనె కూడా మరిచిపోకండి. మెడ సన్నగా ఉండే రైఫిలు గుల్లను నూనె పూయకుండా డైలోకి తోస్తే అది లోపలే ఇరుక్కుపోతుంది, బయటికి తీయడానికి వేరే పనిముట్టు కావాలి. నూనె మరీ ఎక్కువైతే గుల్ల భుజం మీద సొట్టలు పడతాయి. వేలికి తడి అంటినంత చాలు. తప్పు కట్టిన తూటా నుంచి గుండును బయటికి లాగే పనిముట్టు ఒకటి దొరుకుతుంది, సుత్తెలాగా ఉంటుంది. దాన్ని మొదటి రోజే కొనుక్కోవాలి. తప్పు అనిపించిన తూటాను అక్కడికక్కడే విప్పేసే వీలు ఇంట్లో ఉంటే, సర్దుకుపోదాం అనే ఆలోచనకు తావుండదు.

బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. మందులు చూపుకు ఒకేలా ఉంటాయి, నల్లటి చిన్న పలుకులు. ఒకటి రైఫిలుది, ఒకటి పిస్టలుది అని కంటితో చెప్పలేం. మిగిలిన మందును పని అయిపోగానే దాని డబ్బాలోనే పోయాలి, వేరే సీసాలో పోసి పేరు రాద్దామనుకోకూడదు. ప్రైమర్లను అవి వచ్చిన అట్టపెట్టెల్లోనే ఉంచాలి. గాజు సీసాలో పోసి కదిలిస్తే అన్నీ ఒకేసారి పేలే ప్రమాదం ఉంది. అమెరికాలో అగ్నిప్రమాద నివారణ ప్రమాణాల ప్రకారం ఇంట్లో మందపాటి చెక్కపెట్టె లేకుండా పొగలేని మందు 20 పౌండ్లకు మించి పెట్టుకోరాదు, ప్రైమర్లు పది వేలకు మించరాదు. గుండు కూర్చోబెట్టే ముందు దిమ్మెలో నిలబెట్టిన గుల్లలన్నిటిలోకీ టార్చి వేసి చూడాలి, మందు అన్నిట్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి. ప్రైమరు మసిలోనూ గుండులోనూ సీసం ఉంటుంది. పని చేస్తూ టీ తాగకూడదు, పని ముగిశాక చేతులు సబ్బుతో కడగాలి, చిన్నపిల్లలు ఆ గదిలోకి రాకూడదు.

ఇప్పుడు అక్కడి పిల్లలకు ఒక ముఖ్యమైన సంగతి. అమెరికాలో తన వాడకానికి తూటాలు కట్టుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటేనే కావాలి. అందరూ ఈ మాట దగ్గరే ఆగిపోతారు. హెచ్‌1బీ మీదా, ఎఫ్‌1 మీదా ఉన్నవాళ్లకు లెక్క వేరు. వలసేతర వీసా మీద వచ్చిన మనిషి తుపాకిగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నేరం చేసింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే అందులో మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. పైగా అక్కడి చట్టం దృష్టిలో తూటా అంటే కట్టిన తూటా ఒక్కటే కాదు. ఖాళీ గుల్ల, ప్రైమరు, గుండు, మందు వేటికవే తూటాలుగా లెక్క. అంటే వీసా మీద ఉన్న అబ్బాయి వేట లైసెన్సు లేకుండా డబ్బా మందు కొని షెడ్డులో పెట్టుకున్నా నేరమే అవుతుంది, వీసాకే ముప్పు వస్తుంది. ఏళ్ల తరబడి చదివి, అప్పులు చేసి, అంత దూరం పోయిన పిల్లలు ఒక డబ్బా మందు దగ్గర చిక్కుల్లో పడకూడదు. ముందు వేట లైసెన్సు, రాష్ట్ర చట్టం చూసుకోవడం, ఆ తర్వాతే అంగడి.

ఇక పెదనాన్న ప్రశ్న. వద్దు. ప్రెస్సును సూట్‌కేసులో పెట్టుకుని మన దేశానికి తేవద్దు. మన ఆయుధ చట్టం 1959 నాటిది. అందులో మందుగుండు అనే మాటకిచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. కట్టిన తూటాలతో పాటు వాటి భాగాలు కూడా అందులో చేరతాయి, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా చేరతాయి. అమెరికాలో ప్రెస్సు ఇనుప సామాను. మన చట్టం ముందు అదే ప్రెస్సు మందుగుండు. లైసెన్సు లేకుండా దిగుమతి చేయకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తక్కువ ఉండదు, జీవిత ఖైదు దాకా పోవచ్చు. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు కట్టుకునే హక్కు రాదు, అది వేరే లైసెన్సు. మన దగ్గర తూటా అంటే లైసెన్సు పుస్తకంలో రాయించుకుని, అనుమతి ఉన్న డీలరు దగ్గర లెక్క ప్రకారం కొనుక్కునేదే. ఈ అదుపు కొత్తదీ కాదు. ఈ నేల మీద ఒకప్పుడు పాలెగాళ్ల మనుషులు జామగి వత్తి వెలిగించి తుపాకులు కాల్చారు, 1804 ప్రాంతంలో చిత్తూరు పాలెగాళ్లు కుంపిణీ మీద తిరగబడ్డారు. అట్లా ఇంటింటా ఉన్న తుపాకులు 1878 చట్టంతో లైసెన్సు కిందికి వచ్చాయి.

రైతును చట్టం పూర్తిగా మరిచిపోలేదు. పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని 1959 చట్టం 13వ సెక్షనులోనే ఉంది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే వేరే నునుపు గొట్టం తుపాకికి ఇవ్వవచ్చనీ ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ తుపాకిని స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవడం మన రైతులకు బాగా అలవాటే. ఆ తుపాకితో శబ్దం చేసి పందుల్ని తరమడం వేరు, చంపడం వేరు. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవిపందిని చంపాలంటే అధికారుల అనుమతి ఉండాలి. ఏనుగు సంగతి చెప్పక్కర్లేదు. 1980ల్లో కుప్పం, పలమనేరు వైపు ఏనుగులు తిరిగి వచ్చి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడినప్పటి నుంచీ చెరకుతోటా వరిమడీ నాశనమై కడుపు మండిన రైతుల బాధ నాకు తెలుసు. ఆ కోపంలో కొందరు నాటుబాంబులు చుట్టి చేలగట్ల మీద పెడుతున్నారు. మేతకు పోయిన ఆవు దాన్ని నమిలి దవడ పగిలి వచ్చిన వార్తలు మన జిల్లాలోనే చదివాం. ఆ ఆవు ఏ రైతుదో, ఆ పాలు ఏ ఇంటి పిల్లలవో ఒక్క క్షణం ఆలోచించండి. దయచేసి ఆ పని మానండి.

లైసెన్సు ఉన్న కావలి తుపాకి వాడేవాళ్లకు ప్రాణం కాపాడే మాట ఒకటుంది. మూతి తుపాకిలో పోసేది పొగ వచ్చే నల్లమందు. రైఫిలు తూటాలో ఉండేది పొగలేని మందు, 1884లో ఫ్రాన్సులో పుట్టింది. మన దక్షిణాదిలోనే నీలగిరి కొండల్లో అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీ వందేళ్ల పైబడి ఆ జాతి మందు తయారుచేస్తోంది. ఈ రెండింటి బలానికీ పోలికే లేదు. రైఫిలు తూటాయో, పన్నెండు బోరు తూటాయో విప్పి అందులోని మందును మూతి తుపాకిలో పోస్తే గొట్టం చీలిపోతుంది, పట్టుకున్న చెయ్యీ చూసే కన్నూ పోతాయి. దీపావళి టపాకాయల మందు పోసినా అంతే. మీ తాతలు మందు కొలిచి పోసిన ఇత్తడి గొట్టం ఇంట్లో ఉంటే, ఆ కొలత ఆ నల్లమందుకే చెల్లుతుంది.

అట్లాంటి ఇళ్లలో అటక మీద తుపాకి కూడా మిగిలిపోయి ఉంటుంది. లైసెన్సు తాతగారి పేరున, ఆయన పోయి ఏళ్లయింది, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. లైసెన్సుదారు చనిపోయాక ఆ తుపాకి ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఆలస్యం చేయకుండా స్టేషనులోగానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గరగానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. కావాలనుకున్న వారసుడు తన పేరున లైసెన్సుకు కలెక్టరు గారికి దరఖాస్తు పెట్టుకుని, వచ్చాక తుపాకిని తిరిగి తెచ్చుకోవచ్చు. దించేటప్పుడు మూతి మనుషుల వైపు పెట్టకండి, లోపల పాత మందు దట్టించే ఉండవచ్చు. పక్కన మందు డబ్బా, క్యాపుల డబ్బా కనబడితే మూత తీయకండి, ఎండలో ఆరబెట్టకండి, పొయ్యిలో వేయకండి. వాటిని అక్కడే ఉంచి స్టేషనుకు కబురు పెట్టండి, వాళ్లు వచ్చి తీసుకుపోతారు.